మా మేనత్త వాడిన ఇంగ్లీషు మాట

మా మేనత్త పోయిందన్న కబురు బస్సు కండక్టరు తెచ్చాడు. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు వచ్చే పొద్దుటి బస్సును మా బడి ముందర ఆపించి, గేటు దగ్గరున్న ఆయమ్మతో, ఇంగ్లీషు టీచరమ్మకు చెప్పు, వాళ్ళ మేనత్త తెల్లారేసరికి పోయిందంట అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయమ్మ తరగతి గుమ్మంలో నిలబడి ఆ మాటనే నాకు అప్పజెప్పింది. అప్పుడు నేను బోర్డు మీద ఒక వాక్యం రాస్తున్నాను. కబురు విన్నాక కూడా ఆ వాక్యం చివరిదాకా రాసి, చుక్క పెట్టి, అప్పుడు సుద్దముక్క కింద పెట్టాను. ఎందుకలా చేశానో తెలియదు. మాట సగంలో వదిలేసేవాళ్ళంటే ఆమెకు గిట్టేది కాదు. అందుకేనేమో.

మధ్యాహ్నానికి ఊరు చేరాను. ఆళ్ళగడ్డకు ఈవల రోడ్డు మీద దిగి, చేలగట్ల వెంబడి నడిచిపోయే పల్లె. ఆమెను పంచలో పడుకోబెట్టారు. పసుపు, కుంకుమ, పూలు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. కుడిచేతిని మాత్రం చీరకొంగు కింద దాచారు. నేను కొంగు తొలగించి ఆ చెయ్యి బయటపెట్టాను. చిటికెన వేలూ, దాని పక్క వేలూ లేని చెయ్యి. పక్కనున్న ఒక పెద్దామె, కప్పుండనీలేమ్మా, చూసేవాళ్ళకు బాగుండదు అన్నది. బతికినన్నాళ్ళూ ఆమె కప్పుకోలేదు కదా అన్నాను. అనేశాక నాకే సందేహం వచ్చింది, ఆ ఇంట్లో అలా అనే హక్కు నాకెక్కడిదని. స్తంభానికి ఆనుకుని కూర్చున్న మామ తలెత్తి చూసి, "ఉండనీ, అట్లనే ఉండనీ" అన్నాడు.

వచ్చినవాళ్ళు ఆమెను శాంతమూర్తి అన్నారు. పోయినవాళ్ళందరినీ మనం అలాగే అంటాం. అలా అనేస్తే వాళ్ళతో మనకున్న తగువులన్నీ తీరిపోయినట్టు లెక్క. నేను ఒప్పుకోను. ఆమె శాంతమూర్తి కాదు. ఈ నాలుగు మాటలూ రాయడం అందుకే.

ఆమెకు దేన్నైనా వాసన చూసే అలవాటు ఉండేది. పెరుగు, కొత్త తాడు, బావి నుంచి తోడిన నీళ్ళు, ఎద్దు నోరు, చుట్టాల పిల్లల తలలు, అన్నీ వాసన చూశాకనే ఆమెకు నమ్మకం. గింజనైతే కొరికి చూసేది. "కండ్లు మర్యాద చేస్తాయి, ముక్కు చెయ్యదు" అనేది. నన్ను చదివించింది కూడా మర్యాద చెయ్యని ఆ ముక్కేనని మా ఇంట్లో నవ్వుకునేవాళ్ళు. మా నాయన నన్ను మద్రాసు పంపడానికి వెనకాడి, ఆడపిల్లను అంత దూరాన ఒంటిగా ఎట్ల వదిలేదని అడిగితే, "ఈడ మాత్రం ఒంటిగా లేదా, ఇంతమంది నడుమ?" అన్నదట ఆమె. మా నాయన నన్ను మద్రాసు రైలెక్కించాడు. అలా నాకు బి.ఏ. వచ్చింది. ఆమెకు సంతకం కూడా రాదు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు ఎండాకాలంలో, చేలో పత్తికట్టె పీకుతుంటే ఆమె కుడిచేతి అంచున మోడు గుచ్చుకుంది. పసుపు పెట్టింది, సున్నం పెట్టింది, ఏదో ఆకు నూరి కట్టింది. చెయ్యి ఊరుకోలేదు. మామ ఆమెను బండిలో రోడ్డుదాకా, అక్కడి నుంచి బస్సులో నంద్యాలకు మా ఇంటికి తీసుకొచ్చేసరికి రెండు వేళ్ళు నల్లబడి ఉన్నాయి. గడప దాటకముందే, "దూరంగుండు అమ్మీ, నా వాసన నాకే వస్తాంది" అన్నది.

ఆస్పత్రిలో తెల్ల డాక్టరమ్మ ఉండేది. మంచి మనిషి. తెలుగు కొద్దికొద్దిగా వచ్చు కానీ, కష్టమైన మాట చెప్పాల్సి వస్తే ఇంగ్లీషులోకి వెళ్ళిపోయేది. ఆ పూట ఆమె మాట తెలుగులో చెప్పడానికి మధ్యలో నేను నిలబడ్డాను. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, రాట్ కణుపుదాకా వచ్చింది, ఈ రోజే తీసెయ్యకపోతే రాట్ చేతిలోకి ఎక్కుతుంది అని చెప్పింది. నేను మా అత్త వైపు తిరిగి, వేళ్ళు చెడిపోయినాయంట అత్తా, తీసేస్తే మంచిదంటోంది అన్నాను.

"చెడిపోయినాయనేది నువ్వు. ఆమె ఏందో ఒగ మాట రెండుసార్లు అన్నది. ఏందది?"

నేను నసిగాను. నీకెందుకులే అత్తా అన్నట్టుగా ఏదో అన్నాను.

"నీకు చదువు చెప్పించింది నా దగ్గర మాట దాచేదానికా?"

చెప్పాను. రాట్ అంటే కుళ్ళు అని చెప్పాను. ఆమె ఆ రెండు వేళ్ళనూ కాసేపు చూసింది, చెప్పిన మాట వినకుండా చెడిన పిల్లల్ని చూసినట్టు. ఆ తర్వాత డాక్టరమ్మ వైపు చూసి, తియ్యమను అన్నది. మామ బయటికి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

పుండు మానేదాకా ఆమె మా ఇంట్లోనే ఉంది. పని లేకుండా కూర్చోవడం చేతకాని మనిషి. కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆ మాట గురించే అడిగేది. ఇంగ్లీషువాళ్ళు ఇంకా వేటికి వాడతారు ఆ మాట? పండుకు వాడతారని చెప్పాను. కట్టెకు, ఆకుకు, గుడ్డుకు, పంటికి, గింజకు కూడా. ఆమెకు ఆశ్చర్యమైంది. మనకైతే పండు కుళ్ళుతుంది, కట్టె చివుకుతుంది, గింజ పుచ్చుతుంది, కూడు పాచిపోతుంది, నీళ్ళు మురుగుతాయి, పెంట మాగుతుంది. ఒక్కో వాసనకు ఒక్కో మాట. "అన్నిటికీ ఒగటేనా? పాపం, గరీబు భాష" అన్నది. ఇంగ్లీషు మీద అంత జాలి పడ్డవాళ్ళను నేను మద్రాసులో కూడా చూడలేదు.

మనుషులకు కూడా వాడతారని చెప్పాను. జైల్లో పడి ఉన్నవాణ్ణి, ఎవరూ పట్టించుకోకుండా ఏళ్ళ తరబడి ఒక మూల ఉండిపోయినవాణ్ణి అక్కడ రాట్ అవుతున్నాడంటారు. ఆమె కట్టుకట్టిన చేతిని ఒళ్ళో సర్దుకుంది.

"అట్లయితే మా ఊర్లో శానామంది ఆడోళ్ళకు ఉండేది అదే జబ్బు" అన్నది.

ఊరికి తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె ఆ మాటను వెంట తీసుకెళ్ళింది. చూడడానికి వచ్చినవాళ్ళు ఏం జబ్బు అని అడిగితే, రాట్ అంట, నంద్యాల డాక్టరమ్మ చెప్పింది అనేది. దానికి ఊళ్ళో ఎంత మర్యాద వచ్చిందో చెప్పలేను. టైఫాయిడ్ లాగా, టీబీ లాగా అదొక పెద్ద జబ్బు పేరనుకున్నారు. అది మనకు కూడా అంటుకుంటుందా, పత్యం ఏముంది అని అడిగారు. ఆదివారం నేను పోయినప్పుడు, ఇదేంటత్తా, మాటకు అర్థం ఎందుకు చెప్పవని అడిగాను. "మన మాట చెప్తే మూతి తిప్పుకొని పోతారు. ఈ మాట చెప్తే కూర్చోని అడుగుతాండారు. నేను అబద్ధం చెప్పినానా?" అన్నది. చెప్పలేదు. నాకు మాత్రం భయంగానే ఉండింది. తెలియని మాట చాటున ఎంతకాలం కూర్చోగలం?

ఎక్కువకాలం పట్టలేదు. ఊరి బడికి కొత్తగా ఒక అయ్యవారు వచ్చాడు. బడి అరుగు మీద మాటల్లో రాట్ జబ్బు సంగతి వచ్చింది. ఆయన పాపం మంచికే, దానర్థం కుళ్ళు అని చెప్పాడు. పొద్దుగూకేలోగా ఊరంతా పాకింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు విత్తనం గొర్రుతో వేస్తారు. గొర్రు మీద జడ్డిగమని ఒక చెక్క గిన్నె ఉంటుంది. దాని అడుగున ఉన్న రంధ్రాల నుంచి వెదురు గొట్టాలు నేలలోకి దిగుతాయి. మగవాడు గొర్రు పట్టి ఎద్దులను తోలితే, ఆడమనిషి వెంట నడుస్తూ పిడికిట్లోంచి గింజలను జడ్డిగంలోకి వదులుతుంది. చెయ్యి ఆగితే చాళ్ళలో ఖాళీ, తొందరపడితే గుంపు. అందులోనూ ఆ ఏటి మొదటి పిడికిలి ఎవరిదన్నది చిన్న విషయం కాదు. చేతివాసి ఉన్నవాళ్ళను పిలిచి పోయిస్తారు. మా అత్త ఆ ఊరికి కాపురానికి వచ్చినప్పటి నుంచి వాళ్ళ చేనుకే కాదు, ఇంకా కొన్ని ఇళ్ళకు కూడా ఆమె చేతితోనే విత్తనం మొదలు.

ఉత్తర కార్తెలో జొన్న విత్తడానికి ఊరు సిద్ధమవుతుండగా ఆమె మరిది వచ్చాడు. మామకు తమ్ముడు. పక్కపక్క చేలు, పక్కపక్క ఇళ్ళు. ఆ పూట నేనూ అక్కడే ఉన్నాను.

"వదినా, నీ మంచికే చెప్తాండా. ఈ ఏడు మా ఇంటిది పోస్తుంది ఇత్తనం, రెండు చేన్లకూ."

"ఏమప్పా, నా చేతికేమైంది?"

"అయ్యవారు చెప్పినాడులే ఆ మాటకు అర్థమేందో."

"ఏందో నువ్వు చెప్పు."

ఆయన పక్కకు చూశాడు. ఆమె వదల్లేదు, నీ నోటితో చెప్పు విందామన్నది. చివరికి ఆయన గొంతు తగ్గించి, కుళ్ళు అన్నాడు. కుళ్ళిన చెయ్యి తాకితే విత్తనం భూమిలో కుళ్ళుతుందని అందరూ అంటున్నారన్నాడు.

"కుళ్ళే. కుళ్ళిందాన్ని నంద్యాల్లో పారేసి వచ్చినా. ఈడికి తెచ్చింది బాగున్న చెయ్యి. కోసి పారేసిందాన్ని గలీజంటాండారు, కొయ్యకుండా లోపలే పెట్టుకోని తిరిగేవాళ్ళనేమనల్ల?"

మరిది వెళ్ళిపోయాక నేను ఆమెకు నచ్చజెప్పబోయాను. ఈ ఒక్క ఏడు వదిలెయ్యి అత్తా, వాళ్ళే మర్చిపోతారు అన్నాను. నేను ఎప్పుడూ ఇచ్చే సలహా అదే, అందరికీ, నాకు నేను కూడా. ఆమె కోపగించుకోలేదు. "మొగోళ్ళు, ఎద్దులు, గొర్రు, అన్నీ నా పిడికిలి కోసం నిలబడేది ఏడాదికి ఒగనాడు. ఆ ఒగనాడు గూడా ఇచ్చేస్తే నాకింగ మిగిలేదేముంది అమ్మీ? ఆ మూలే గదా" అన్నది. ఏ మూల గురించి అంటోందో నాకు అర్థమైంది. ఆ అర్థం చెప్పినదాన్ని నేనే.

అప్పటి నుంచి ఆమె పంచలో జడ్డిగం ముందర కూర్చుని సాధన చేసింది. వేళ్ళు లేని వైపు నుంచి గింజలు జారిపోయేవి. పిడికిలి వంచి చూసింది, మణికట్టు తిప్పి చూసింది. కోళ్ళు చుట్టూ చేరి జారినవన్నీ తినేసేవి. గుడ్డ చుట్టుకోమన్నాను. గుడ్డకు గింజ బరువు తెలియదంది. ఎడమచెయ్యి మాట ఎత్తనే ఎత్తలేదు. విత్తనం ఎడమచేత్తో పొయ్యరు, అది ఆమెకూ పట్టింపే.

విత్తే రోజున ఎవరూ ఆమెను పిలవలేదు. తెల్లవారి మామ వచ్చి గడప ముందర నిలబడి, "గొర్రు కట్టినా, రా" అన్నాడు. అంతే. జీవితమంతా తమ్ముడి మాట జవదాటని మనిషి. ఆమె కొంగులో జొన్నలు పోసుకుని వెనకే నడిచింది. ఆనాటి చాళ్ళు ఎంత వంకరగా పోయాయో చెప్పను. పోసింది ఆమె.

ఆ తర్వాత ముసురు పట్టింది. రేగడి చేలల్లో నీళ్ళు నిలిచాయి. నీళ్ళు ఇంకాక మట్టి తవ్వి చూస్తే గింజలు ఉబ్బి, తెల్లగా మెత్తబడి, కంపు కొడుతున్నాయి. ఊళ్ళో ఆ వారం విత్తిన చేలన్నీ అంతే. అయినా మరిది, నేను చెప్పలా అన్నాడు. ఊరు ఆమె ఇంటి వైపు చూసింది.

ఆమె తన చేలోంచి ఒక పిడికెడు కుళ్ళిన గింజలు తవ్వి తీసుకుని, మగవాళ్ళు కూర్చున్న మరిది పంచకు వెళ్ళింది. మూడు వేళ్ళ చెయ్యి చాచి వాళ్ళ ముందు తెరిచింది. "ఇది రాట్. అయ్యవారు అర్థం చెప్పినాడు, నేను వాసన చూపిస్తాండా. మీ మీ చేన్లలోది గూడా తెచ్చి దీని పక్కన పెట్టండి. యాది నా చేతిదో, యాది మీ ఆడోళ్ళ చేతిదో ఏరి చూపించండి" అన్నది. ఎవరూ లేవలేదు. గింజలను అక్కడే అరుగు మీద వదిలి వచ్చేసింది. వాటిని ఎవరు ఊడ్చారో నాకు తెలియదు. ఆ వాసన మాత్రం ఆ పంచను కొన్నాళ్ళు వదల్లేదని చెప్పుకున్నారు.

తర్వాత ఏమైందో చెప్పేముందు ఒక సందేహం. రెండోసారి విత్తిన జొన్న మొలిచింది, పండింది. అందరిదీ పండింది. దాన్ని ఆమె చేతి మహిమ అని రాయాలని నాకూ ఉంటుంది. రాయలేను. చేతిలో వాసి ఉంటుందని ఒప్పుకుంటే, చేతిలో రాట్ ఉంటుందని కూడా ఒప్పుకోవాలి. ఆమె మాత్రం వాసిని చివరిదాకా నమ్మింది, రాట్‌ను నమ్మలేదు. అది తర్కం కాదని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం మానేశాను. తనకు మేలు చేసే సగాన్ని ఉంచుకుని, కీడు చేసే సగాన్ని కోసి పారేసింది. అది నేను చదువుకున్న తర్కం కంటే ధైర్యం కావలసిన పని.

ఇంతకుముందు పిలిచే ఇళ్ళు ఆమెను మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. అదీ నిజమే. రాయకపోతే ఆమె నన్ను తిట్టేది.

ముసురు విడిచి, తడి తగుపాటిగా ఆరి చేలు విత్తే పదునుకొచ్చిన రోజు, నేను సెలవు పెట్టి ఊళ్ళోనే ఉన్నాను. రేగడిలో ఆ పదును నిలిచేది కొద్దిరోజులే. అందరూ తినడానికి దాచుకున్న జొన్నల్లోంచి ఏరి విత్తనం తీశారు. మామ గొర్రు కట్టాడు. ఆమె మొదటి సాలు పోసి గట్టు దగ్గరికి వచ్చేసరికి, గట్టుకు ఆవల ఆమె తోడికోడలు, అంటే ఆ మరిది భార్య, ఖాళీ చేతులతో నిలబడి ఉంది. కండ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నా చెయ్యి గూడా రాటంటాండారు అక్కా. నేను పోసింది గూడా కుళ్ళింది గదా. మీ మరిది నన్ను ఇత్తనం తాకొద్దన్నాడు. ఇంగ మీద మొగోళ్ళే పోసుకుంటారంట."

"గొర్రు ఒగ చేత్తో, జడ్డిగం ఒగ చేత్తోనా? ఎద్దులను నోటితో తోలతాడా?"

తోడికోడలు ఏడుస్తూనే నవ్వింది. మా అత్త గట్టు దాటింది. కొంగులో తన జొన్నలు అలాగే ఉన్నాయి. తోడికోడలి మణికట్టు పట్టుకుని, దున్ని ఉన్న చేలోంచి నేరుగా మరిది ఎద్దుల దగ్గరికి నడిపించుకుపోయింది. ఆయన గొర్రు పట్టుకుని ఉన్నాడు. ఒక్కడే కావడంతో అప్పటికి సగం సాలు కూడా సాగలేదు. వద్దు వదినా అన్నాడు, గట్టిగా కాదు.

"పదును ఎండతాంది. నాతో కొట్లాడతావా, ఇత్తనం ఏస్తావా? రెండూ కావల్లంటే పొద్దు చాలదప్పా."

ఆయన వంగి ఒక మట్టిబెడ్డ తీసి నలిపి చూశాడు. మళ్ళీ గొర్రు మీద చెయ్యి వేశాడు. ఎద్దులు కదిలాయి. ఇద్దరు ఆడవాళ్ళూ చెరోపక్కన నడిచారు, ఐదు వేళ్ళ పిడికిలి ఒకటి, మూడు వేళ్ళ పిడికిలి ఒకటి, ఒకే జడ్డిగం మీద. మా అత్త చేతి సందులోంచి జారిన గింజలు చెక్క అంచుకు తగిలి నేల మీద పడుతుంటే గోరింకలు వెంటపడ్డాయి. మరిది దారి పొడుగునా వెనక్కి చూడలేదు. చేను కొసన గొర్రు మళ్ళించేటప్పుడు మాత్రం ఆగి, జడ్డిగంలోకి గింజ సరిగ్గా దిగుతోందో లేదో చూడడానికి తల వంచాడు. వంచిన ఆ తల ముందు నుంచే మా అత్త చెయ్యి చాచి, ఇంకో పిడికిలి పోసింది.